పలకని మొలకలు

రోజు 78

ఈ పుస్తకంలో రోజులు వదిన పడిపోయిన నాటి నుంచి లెక్క. డాక్టర్ రఫియాగారు అలాగే రాయమన్నారు. "అంకెలు యంత్రం రాసుకుంటుంది వకుళమ్మగారూ. మీ కంటికి కనిపించింది, చెవికి వినిపించింది మీరు రాయండి" అన్నారు. పన్నెండో తరగతి పరీక్షల తర్వాత నేను ఇంత వరసగా రాయడం ఇదే.

ఆరింటికి వచ్చాను. బయటి గదిలో చెప్పులు విడిచి, మోచేతుల దాకా మూడుసార్లు కడుక్కుని, తలకి గుడ్డ కట్టుకుని లోపలికి వెళ్ళాను. వెచ్చటి పెట్టెలో రెండు అరలు, అరకి ఎనిమిది గిన్నెలు. గిన్నెకొక మొలక, కందిబద్దంత. వదిన చర్మం నుంచి తీసిన కణాలను రఫియాగారు నరాల కణాలుగా మార్చి వీటిని పెంచారు. వదిన తలలో దెబ్బతిన్న చోట ఇవి పెట్టాలి. పడిన నూరు రోజుల్లోపు పెడితే చచ్చుబడిన కుడిచెయ్యి తిరిగి వస్తుంది. ఆ తర్వాత దారులు మూసుకుపోతాయట. కొత్తగా పెంచాలంటే డెబ్భై రోజులు పడుతుంది. కాబట్టి ఉన్నవి ఈ పదహారే.

నిన్న పోసిన మేత అన్ని గిన్నెల్లోనూ పసుపు తిరిగింది. పోసేటప్పుడు గులాబీ రంగులో ఉంటుంది. మొలక తింటే మర్నాటికి పసుపవుతుంది. పాతది తీసి కొత్తది పోశాను. చంద్రుడి మీద బరువు తక్కువ కాబట్టి ధార నెమ్మదిగా దిగుతుంది, చెయ్యి అంతసేపూ కదలకుండా ఉండాలి. గిన్నెకొక నామం చెప్పుకుంటూ పోస్తాను. తొందర పడకుండా ఉండటానికి నాకు అదే గడియారం.

తర్వాత స్పీకరు పెట్టి విన్నాను. గిన్నె అడుగున సన్నటి తీగలుంటాయి. లోపల కణాలు ఒకదాన్నొకటి పిలుచుకుంటే ఆ తీగల గుండా మనకి వినిపిస్తుంది. నూనె కాగాక ఆవాలు వేసినట్టు ముందు ఒకటీ అరా, ఆ మీద అన్నీ కలిసి చిటపట, కాసేపు ఊరుకోవడం, మళ్ళీ. ఈ రోజు బాగా పలికాయి.

మధ్యాహ్నం వార్డుకి వెళ్ళి వదినకి జావ తాగించాను. రత్నావళి వదిన మా ఆయనకి అక్కగారు. మేముండే ఈ చలిగుంటలో ఇరవై రెండేళ్ళుగా బయటి పనివాళ్ళకి చేతితొడుగులు కుట్టేది ఆవిడే. ఐదు పొరల తొడుగు. ఒక్క కుట్టు తప్పితే బయట మనిషి వేళ్ళు పోతాయి. ఆ కుడిచెయ్యి ఇప్పుడు దుప్పటి మీద ఎవరో పెట్టి మరిచిపోయిన వస్తువులా ఉంటుంది. నోటికి మాత్రం ఏమీ కాలేదు.

"నా పిల్లలు తిన్నారా?" అని అడిగింది.

"తిన్నారు వదినా. పదహారుగురూ."

"వాళ్ళకి చూపించే శ్రద్ధలో చిటికెడు నా జావ మీద చూపించి ఉప్పు వెయ్యకూడదటే?"

రోజు 79

అభ్యాసం గిన్నెలకి తెల్లపొడి తూచాను. అవి వదినవి కావు, చెయ్యి తిరగడానికి విడిగా పెంచుకున్నవి. పొడి గోధుమరంగు సీసాలో, వెలుతురు తగలకుండా ఉంటుంది. మెత్తగా, తెల్లగా, ఏ వాసనా లేకుండా ఉంటుంది. ఒకసారి గాలికి పెదవి మీద పడితే వేపాకు నమిలినట్టయింది. చల్లటి నీళ్ళలో బద్ధకంగా కరుగుతుంది, గోరువెచ్చటి నీళ్ళలో తొందరగా. తూచినదంతా మందు కాదు. దానికి అంటుకుని ఉప్పు భాగం, కొంచెం నీరు ఉంటాయి. అసలు మందు నూటికి డెబ్భై మూడు పాళ్ళు. ఆ లెక్క రఫియాగారు గోడ మీద అతికించారు, నేను మరిచిపోతానని కాదు, తాను మరిచిపోతానని.

దాని అసలు పేరు డెక్స్ట్రోమెథార్ఫాన్. నాకు పలకడానికి వారం పట్టింది. ఇంకా తెల్లపొడి అనే అంటాను.

అది దేనికని అడిగితే పని ఆపకుండానే చెప్పారు. "దెబ్బతిన్న చోట నరాల కణాలు ఊరికే ఉండవు వకుళమ్మగారూ. అన్నీ ఒక్కసారిగా కేకలు పెడతాయి. ఆ కేక పేరు గ్లూటమేట్. మామూలుగా అది మంచిదే, కణాలు మాట్లాడుకునేదే దానితో. మరీ ఎక్కువైతే వినే కణం అలసి చచ్చిపోతుంది. ఈ పొడి వెళ్ళి వినే చెవికి అడ్డం నిలబడుతుంది. మొలకల్ని తలలో పెట్టే రోజున కొంచెం ఇచ్చి నిద్రపుచ్చి పెడతాం. కేకలు తగ్గాక వాటంతట అవే లేస్తాయి."

"ఎంతసేపు పడుతుంది లేవడానికి?"

"చుట్టూ ఉన్న పొడి కడిగేస్తే రెండు రోజులు."

పొడి వేశాక విన్నాను. ముందు కలిసి పలకడం ఆగింది. ఆ తర్వాత విడి చప్పుళ్ళు కూడా పలచబడ్డాయి. భగవంతుడు ఇలాంటిది ఒకటి మొక్కలోనో మట్టిలోనో దాచి ఉంచాడంటే ఆశ్చర్యంగా ఉంది. మనిషి చేసిందేనని రఫియాగారు అన్నారు. మనిషికి తోచినదీ ఆయన దాచినదే కదా అనుకున్నాను, పైకి అనలేదు.

రోజు 80

ఏకాదశి. చంద్రుడి మీద ఏకాదశి ఎలా తెలుస్తుందని రఫియాగారికి ఇప్పటికీ విడ్డూరం. కిటికీలో భూమిని చూపించాను. శుక్లపక్షంలో అక్కడ వాళ్ళకి చంద్రుడు నిండుతుంటే ఇక్కడ మనకి భూమి తరుగుతుంది. ఈ రోజు సన్నగా కోసిన దోసబద్దలా ఉంది.

సాయంత్రం భోజనాల హాల్లో భజన. ముప్పై ఒక్క మంది వచ్చారు. పోయిన నెల నామం మధ్యలో అందరికీ దగ్గే. బయట పనికి వెళ్ళొచ్చిన వాళ్ళ బట్టల మీద బూడిదలాంటి దుమ్ము వస్తుంది. ఎంత దులిపినా గొంతులో చేరుతుంది. ఎర్రమందు లేని ఇల్లు చలిగుంటలో ఉండదు. పొద్దున ఫలహారం అయ్యాక ఒక మూత తాగి పనిలోకి వెళతాం. అందుకని ఈసారి నేనే అందరికీ చెప్పాను, భజనకి ముందు రెండేసి మూతలు తాగి రండి, ఒక్క గంట స్వామికి దగ్గు లేకుండా వినిపిద్దామని. అందరూ విన్నారు. ఒక్కరూ దగ్గలేదు. చివరి నామం అయ్యాక హాలంతా ఎంత నిశ్శబ్దంగా ఉందంటే గాలి యంత్రం చప్పుడు వినిపించింది. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఇంకో ఏర్పాటు కూడా నాదే. మొలకల మేతలో కలిపే సీరం మనుషుల రక్తం నుంచి వస్తుంది, ఇక్కడ పశువులు లేవు కదా. ఇదివరకు వారానికి ఇద్దరు ముగ్గురు పరగడుపున వచ్చి ఇచ్చేవారు. ఎప్పుడూ కొరతే. భజనకి ఎలాగూ అందరూ ఉపవాసంతో వస్తారు, అక్కడే ఇస్తే సరిపోతుందని రఫియాగారితో అన్నాను. ఆమె సంతోషించారు. ప్రసాదం పెట్టకముందు పదకొండు మంది ఇచ్చారు, నాతో కలిపి. ఫారాలు నేనే నింపాను. జ్వరం ఉందా, లేదు. మందులు వాడుతున్నారా, లేదు. అందరివీ అంతే.

మా ఆయన చెయ్యి చాపుతూ "మా అక్కకి రక్తం ఇవ్వడం నాకు కొత్త కాదు, పుట్టినప్పటి నుంచీ తాగుతూనే ఉంది" అన్నారు. వదినతో చెప్పానంటే ఇద్దరికీ యుద్ధం. చెప్పలేదు.

రోజు 83

నిన్నటి నుంచి పై అరకి కొత్త సీరం కలిపిన మేత పోస్తున్నాను. పాత సంచి కొంచెం మిగిలితే అది కింది అరకి సరిపోయింది.

ఈ రోజు పై అర గిన్నెలు సరిగా పలకలేదు. చిటపట లేదు. అక్కడొకటి, ఇక్కడొకటి. తీగ ఊడిందేమోనని అన్నీ తీసి పెట్టి చూశాను. కింది అర మామూలుగానే ఉంది. మేత మాత్రం పదహారింటిలోనూ పసుపు తిరిగింది.

రఫియాగారు చూసి, రేపు చూద్దాం అన్నారు.

కింది అరకి ఈ రోజు నుంచి కొత్త సీరమే. పాతది అయిపోయింది.

రోజు 84

కింది అర కూడా ఆగిపోయింది. పై అరలో గంటకి నాలుగైదు చప్పుళ్ళు. యంత్రం ఆ మాత్రాన్ని లెక్కలోకి తీసుకోదు, సున్నా అని రాసుకుంది.

రఫియాగారు చాలాసేపు మైక్రోస్కోపు దగ్గర కూర్చున్నారు. ముందు పై అర, తర్వాత కింది అర, అంటే ఏదో సోకి పాకుతోందని ఆమె అనుమానం.

"తింటున్నాయి కదమ్మా. చచ్చినవి తినవు కదా" అన్నాను.

"క్రిములు పడ్డా మేత పసుపవుతుంది."

"క్రిములు కనిపించాయా?"

"ఇంకా లేదు." ఆమె కళ్ళు నులుముకున్నారు. "పై నుంచి నియమం ఒకటి ఉంది వకుళమ్మగారూ. మూడు రోజులు పలక్కపోతే ఆ మొలకల్ని మనిషికి పెట్టకూడదు. కాల్చెయ్యాలి. సోకినవి తలలోకి వెళితే చెయ్యి సంగతి అటుంచి మనిషే దక్కదు. ఎల్లుండి సాయంత్రం వరకే."

ఇవి పోతే వదినకి ఇక లేవు.

ప్రార్థన గదికి వెళ్ళాను. నా దీపానికి, ఆమె నమాజుకి ఒకటే చిన్న గది ఇచ్చారు. ఇక్కడ నిప్పు కూడదు కాబట్టి దీపం అంటే చిన్న బల్బు. దాని ముందు కూర్చుని ఏమీ అడగలేదు. నేను చూడవలసింది ఏదో చూడలేదు, అది చూపించు అన్నాను. అది అడగడమే అయింది.

రోజు 85

అవే సున్నాలు. మేత పసుపే. నిన్న రాసింది, మొన్న రాసింది చదివాను. నేను ఏ పని తప్పు చేశానో దొరకలేదు. చేతులు కడిగాను, గుడ్డ కట్టాను, పెట్టె తలుపు లెక్కపెట్టి తెరిచాను.

వదినకి చెప్పవద్దని అనుకుని వెళ్ళాను. జావ మొదటి చెంచాకే కనిపెట్టింది.

"ఏమే, ఈ రోజు జావలో ఉప్పు రెండుసార్లు వేశావు. ఏమైంది?"

చెప్పాను. వదిన ఎడమచేత్తో కుడిచేతిని పట్టుకుని దుప్పటి మీద సరిగ్గా పెట్టుకుంది.

"మహాలక్ష్మి నిన్న వచ్చింది. నా దగ్గర కుట్టు నేర్చుకున్న పిల్ల. తొడుగు కుట్టి చూపించింది. బొటనవేలి మడత దగ్గర వదులు. చెప్పాను, అర్థం కాలేదు. చెప్తే వచ్చేది కాదు అది. చేత్తో చూపించాలి. పోతే పోయింది. నువ్వు ఏడవకు. నీ ముక్కు ఎర్రబడితే అచ్చం మా అమ్మలా ఉంటావు, నాకు భయం."

అన్నది నవ్వించడానికే. నాకు నవ్వు రాలేదు.

రోజు 86

ఈ రోజు జరిగింది వరసగా రాస్తాను.

పదింటికి రఫియాగారు కాల్చే పెట్టె శుభ్రం చెయ్యమన్నారు. చేస్తున్నాను. ఆమె లోపల గదిలో కాగితాలు నింపుతున్నారు. తలుపు దగ్గర గురునాథం నిలబడ్డాడు. మందుల గది చూసేది అతనే.

"అక్కయ్యగారూ, మీ దగ్గర తెల్లపొడి ఓ యాభై గ్రాములు బదులిస్తారా? నౌక వచ్చాక తిరిగి ఇచ్చేస్తాను."

"తెల్లపొడి మీకెందుకయ్యా?"

"ఎర్రమందు కలపాలి. నాలుగు రోజులకి మించి లేదు. ఏకాదశికి మీ భజనవాళ్ళు ఊడ్చేశారు కదా."

"ఎర్రమందులో తెల్లపొడి దేనికి?"

అతను నన్ను ఆటపట్టిస్తున్నానా అన్నట్టు చూశాడు. "దేనికేమిటండీ, అదే కదా మందు. తక్కినదంతా పాకం, రంగు, యాలకుల వాసన. పొడి వెయ్యకపోతే మీరు తాగేది షర్బతు."

నా చేతిలో తుడిచే గుడ్డ అలాగే ఉంది. పదకొండేళ్ళుగా ఎర్రమందు తాగుతున్నాను. ఏడు నెలలుగా తెల్లపొడి తూస్తున్నాను. ఆ రెండూ ఒకటే అని నాకు ఎవరూ చెప్పలేదు, నేను అడగలేదు. అభ్యాసం గిన్నెలు గుర్తొచ్చాయి. ముందు కలిసి పలకడం ఆగింది, తర్వాత విడి చప్పుళ్ళు పలచబడ్డాయి. వదిన మొలకలు కూడా సరిగ్గా అదే వరసలో ఆగాయి.

గురునాథాన్ని అక్కడే ఉండమని ఈ పుస్తకం తీసుకుని లోపలికి వెళ్ళాను.

"డాక్టరుగారూ, సంతకం పెట్టకండి. తప్పు నాది."

ఎనభయ్యో రోజు పేజీ, ఎనభై మూడో రోజు పేజీ చూపించాను. పై అరకి కొత్త సంచి ముందు పోశాను, అది ముందు ఆగింది. కింది అరకి ఒక రోజు తర్వాత పోశాను, అది ఒక రోజు తర్వాత ఆగింది. పాకింది రోగం కాదు, నేను పోసిన మేత. ఆ సంచిలో రక్తం ఇచ్చిన వాళ్ళంతా రెండేసి మూతల ఎర్రమందు తాగి ఉన్నారు.

రఫియాగారు ఫారాలు తీశారు. "మందులు లేవని రాశారు. పదకొండు మందీ."

"అది మందని మేమెవరమూ అనుకోమమ్మా."

"దాని పేరే ఎర్రమందు కదా."

"పేరు అంతే. మాకు అది కాఫీ లాంటిది. కాఫీ తాగుతారా అని మీరు అడిగితే అవునని రాసేదాన్ని."

ఆమె నా వైపు, తలుపులోంచి తొంగి చూస్తున్న గురునాథం వైపు మార్చి మార్చి చూశారు. "ఏడు నెలలుగా అందరి చేతుల్లో ఆ ఎర్ర సీసాలు చూస్తున్నాను. తులసి కషాయం అనుకున్నాను" అన్నారు నెమ్మదిగా. ఆమె లోపలి నుంచి బయటికే రారు, దుమ్ము తగలదు. ఎప్పుడూ తాగాల్సిన అవసరం రాలేదు.

తర్వాత ఆమె మాటలు వేగం అయ్యాయి. దగ్గు గొంతులో పుట్టదట, మెడ వెనక మెదడు కాడలో పుడుతుందట. అక్కడికి వెళ్ళి ఆపే మందు కాబట్టి రక్తంలో కలిసి తలలోకి చేరగలదు. మామూలుగా ఒక మనిషి రక్తంలో ఉండేంతకి మొలకలకి ఏమీ కాదు. కానీ ఇక్కడి ఎర్రమందు ఘాటు ఎక్కువ, రెండు మూతలు, తాగిన గంటకే రక్తం తీశాం, పైగా దాచడానికి సీరాన్ని చిక్కబరుస్తాం. కొందరి శరీరం దీన్ని తొందరగా అరిగించుకోదు, అలాంటివాళ్ళలో రోజుల తరబడి ఉంటుంది. ఇదివరకు పరగడుపున, ఆ రోజు మూత తాగకముందు ఇచ్చేవారు కాబట్టి బయటపడలేదు.

"అనుకోవడం కాదు, చూద్దాం" అని సంచిలోంచి చుక్క తీసి యంత్రంలో పెట్టారు. పక్కనే తెల్లపొడి కలిపిన చుక్క. ఇరవై నిమిషాలు ముగ్గురం నిలబడే ఉన్నాం. గురునాథం పొడి సంగతి మరిచిపోయాడు. తెర మీద రెండు గీతలూ ఒకే చోట పైకి లేచాయి.

రఫియాగారు కాల్చే కాగితాన్ని చింపలేదు. మడిచి జేబులో పెట్టుకున్నారు. "నిద్రపోతున్నాయని తెలిసింది. లేస్తాయని ఇంకా తెలియదు. కలిసి పలికితేనే వదినగారికి పెడతాను. మేత మార్చాం కాబట్టి నియమం ప్రకారం ఇంకో మూడు రోజులు ఉంది. మంచి సీరం కావాలి, ఈ రోజే. నాకు రక్తహీనత, నాది తీయకూడదు. చలిగుంటలో ఎర్రమందు తాగనివాళ్ళు ఇంకెవరున్నారు?"

నేను, గురునాథం ఒకేసారి ఆలోచించాం. నాకు ఒక్కరే తోచారు. పడిన నాటి నుంచీ వార్డులోనే ఉన్నారు. అక్కడ గాలి వడకట్టి వస్తుంది, దగ్గు లేదు. ఎనభై ఆరు రోజులుగా ఒక్క మూత ముట్టలేదు.

రోజు 86, సాయంత్రం

వదిన మంచం పక్కన కూర్చుని అంతా చెప్పాను. భజనకి దగ్గకూడదని నేనే అందరిచేతా తాగించానని, ఆ రక్తం నేనే పోయించానని, క్షమించమని.

వదిన విని, "నువ్వు దగ్గొద్దన్నావు. నా మొలకలు కూడా నీ మాట విన్నాయి. ఈ ఊళ్ళో నీ మాట వినేది అవే" అంది.

రఫియాగారు పక్కకి తిరిగి నవ్వారు. తర్వాత, పడి లేచిన మనిషి కాబట్టి కొంచెమే తీస్తానని, నీరసం వస్తుందని చెప్పారు.

"నా రక్తమే తీసి నా పిల్లలకే పోస్తారా? పాలిచ్చినట్టే కదమ్మా. నాకు పిల్లల్లేరని ఊరంతా జాలిపడింది. యాభై ఎనిమిదేళ్ళకి ఈ భాగ్యం" అంటూ ఎడమచెయ్యి చాపింది. సూది గుచ్చుతుంటే నా వైపు చూసి, "ఉప్పు సరిపోయిందో లేదో రుచి చూసి పోయవే" అంది.

రోజు 87

నిన్న రాత్రికల్లా సీరం తయారైంది. పాత మేత మూడుసార్లు కడిగి తీసి కొత్తది పోశాను. మిగిలిన ఏకాదశి సీరం మీద ఎర్ర అక్షరాలతో రాసి పక్కన పెట్టాను. రఫియాగారు పారెయ్యవద్దన్నారు, ఎంత మోతాదుకి ఎంత నిద్రో దానితో కొలవవచ్చట.

మధ్యాహ్నం భోజనాల హాల్లో అందరి ముందూ లేచి నిలబడి జరిగింది చెప్పాను. ఇకమీద రక్తం ఇవ్వదలచిన వాళ్ళు వారం ముందు నుంచి ఎర్రమందు మానాలని, దగ్గు వస్తే దగ్గాలని, నేను ఏమీ అననని చెప్పాను. వంటగది లోంచి ఎవరో, "అయితే భజనలో కూడా దగ్గొచ్చా వకుళమ్మగారూ?" అని అడిగారు. దగ్గవచ్చు అన్నాను.

రోజు 88

సున్నా. మేత పసుపు తిరిగింది. మధ్యాహ్నం రెండో గిన్నెలో గంటకి పది చప్పుళ్ళు లెక్కపెట్టాను. రఫియాగారితో చెబితే "చూద్దాం" అన్నారు. ఆమె కూడా భోజనం చెయ్యలేదని తర్వాత తెలిసింది. పెరుగన్నం కలిపి ఇచ్చి ఎదురుగా కూర్చున్నాను, గిన్నె ఖాళీ అయ్యేదాకా.

రోజు 89

ఆరింటికి స్పీకరు పెట్టాను. విడి చప్పుళ్ళు, నిన్నటి కంటే చిక్కగా. మేత పోయడం మొదలుపెట్టాను. ఏడో గిన్నె దగ్గర ఉన్నాను, నామం సగంలో ఉంది. పై అర ఒక్కసారిగా పలికింది. ఒక్కసారే. ఊరుకుంది. ధార చెదరకుండా ఏడో గిన్నె పూర్తి చేశాను. ఎనిమిదో గిన్నెకి మళ్ళీ పలికింది. ఈసారి ఆగలేదు.

రఫియాగారు ముసుగు కూడా సరిగా కట్టుకోకుండా వచ్చి నిలబడ్డారు. చాలాసేపు ఇద్దరం విన్నాం. సాయంత్రానికి కింది అర కూడా అందుకుంది. పదహారింటిలో పద్నాలుగు కలిసి పలుకుతున్నాయి. రెండు లేవలేదు. ఆ రెండింటినీ కాల్చారు. పద్నాలుగు చాలునని అన్నారు.

రోజు 94

ఈ రోజు పెట్టారు.

తెల్లపొడి నేనే తూచాను. నూటికి డెబ్భై మూడు పాళ్ళ లెక్క వేసి, గోరువెచ్చటి నీళ్ళలో కరిగించి, రఫియాగారికి చూపించి, పద్నాలుగు గిన్నెల్లోనూ కొలిచి పోశాను. ఈసారి కావాలనే నిద్రపుచ్చడం. చిటపట తగ్గుతుంటే భయం వెయ్యలేదు.

తీసుకెళ్ళేటప్పుడు వదిన, "పోసింది సరిగ్గా కొలిచావా? లేకపోతే రెండు మూతలా?" అని అడిగింది.

నాలుగు గంటలు పట్టింది. మా ఆయన మంచు తవ్వి తెచ్చే బండి పని మానుకుని బయట బల్ల మీద కూర్చున్నారు. ఒక్కసారి కూడా అక్క మీద జోకు వెయ్యలేదు. అంతా బాగా జరిగిందని రఫియాగారు వచ్చి చెప్పాక, "మా అక్క నిద్రలో కూడా మాట్లాడిందా డాక్టరుగారూ?" అని అడిగి లేచి వెళ్ళి మొహం కడుక్కున్నారు.

రోజు 108

ఏమీ లేదు. రఫియాగారు రోజూ సూదిమొనతో వేళ్ళు తాకి చూస్తారు. కొత్త దారులు అల్లుకోవడానికి టైము పడుతుందంటారు. మహాలక్ష్మి రోజూ తొడుగు తెచ్చి చూపిస్తోంది. వదిన మాటలతోనే చెబుతోంది, విసుక్కుంటోంది. నేను వదిన కుడిచేతికి నూనె రాసి ఒక్కో వేలూ మడిచి చాపుతున్నాను. చెయ్యి వెచ్చగా ఉంది కానీ నా చేతిలో దాని పాటికి అది ఉంటుంది.

రోజు 113

ఉదయం రఫియాగారు తాకినప్పుడు తెలిసిందని వదిన అంది. ఏ వేలు అని అడిగితే, కళ్ళు మూసుకుని చూపుడువేలు అని సరిగ్గా చెప్పింది. కదలిక లేదు.

రోజు 119

మధ్యాహ్నం జావ తాగించాను. మూతి తుడిచి, నూనె గిన్నె తీసి, కుడిచెయ్యి నా ఒడిలో పెట్టుకున్నాను. వదిన మహాలక్ష్మి గురించి ఏదో చెబుతోంది. మాట మధ్యలో ఆపేసింది.

"ఏమే, నీ చెయ్యి అలాగే ఉంచు" అంది.

ఉంచాను. వదిన తన చేతి వైపు, కష్టమైన కుట్టు చూస్తున్నట్టు కళ్ళు చిట్లించి చూసింది. నుదుటి మీద చెమట పట్టింది. బొటనవేలు వణికింది. చూపుడువేలు దాని వైపు కొంచెం జరిగింది, ఆగింది, మళ్ళీ జరిగింది. రెండు వేళ్ళూ నా ముంజేతి మీది చర్మాన్ని దొరకబుచ్చుకుని గిల్లాయి.

"నొప్పి పుట్టిందా?" అంది వదిన, ఊపిరి బిగబట్టి.

దారప్పోగు ఆనినట్టుంది, అంతే.

"అబ్బా, ఎంత గట్టిగా గిల్లారు వదినా" అన్నాను.